సుందరమ్మ కుట్టిన పుంజులు

గొర్లదిన్నెలో కుక్కలక్కూడా పార్టీలుండేవి. పై వీధి కుక్క పొరపాటున కింది వీధిలో అడుగుపెట్టిందా, కింది వీధి కుక్కలు దాన్ని వంక దాకా తరిమి తరిమి మరీ వచ్చేవి. పెద్దముడియం చుట్టుపక్కల అదేమంత పెద్ద ఊరు కాదు. రెండు వీధులు, ఒక బడి, ఒక చిన్న చర్చి, లెక్కలేనన్ని గొర్రెలు. పై వీధి గంగాధర్‌ది, కింది వీధి పుల్లన్నది. వాళ్ల తాతలు ఒకే మందలో గొర్రెలు కాసినవాళ్లే. ఎవరి పొట్టేలు ఎవరి పొట్టేలును ముందు పొడిచిందన్న దగ్గర మొదలైన తగాదా, ఆ పొట్టేళ్లు రెండూ కూరై అరిగిపోయాక కూడా నడుస్తూనే ఉంది. పెండ్లికి పిలుపు లేదు, చావుకు పలకరింపు లేదు. మామూలు రోజుల్లో రాళ్లు, కోపమొస్తే గడ్డివాములు, ఓట్లొస్తే నాటుబాంబులు.

అట్లాంటి ఊళ్లో ఏ పార్టీ లేని మనిషి సుందరమ్మ ఒక్కతే.

రెండు వీధులూ కలిసే చోట ఆమె ఇల్లు. ఇంటి ముందు వసారా, వసారాలో కుట్టుమిషను. రవికలు కుట్టేవాళ్లు ఊళ్లో ఇంకెవరూ లేరు గనక, మగవాళ్లు మీసాలు మెలేసుకుంటూనే ఆ ఒక్క వసారాకు మాత్రం రెండు వీధుల ఆడవాళ్లనూ పోనిచ్చారు. మధ్యాహ్నం అన్నాలవగానే అందరూ వచ్చేవాళ్లు. పుల్లన్న భార్య పెంచలమ్మ స్తంభానికి ఇటువైపు, గంగాధర్ భార్య గురవమ్మ అటువైపు. చూసేవాళ్లకు ఎడమొగం పెడమొగం. స్తంభం వెనక మాత్రం గోంగూర పచ్చడి గిన్నె అటూ ఇటూ తిరుగుతూనే ఉండేది. కుట్టుపని పేరుకే, అసలు పని మాటలు.

సుందరమ్మకు పిల్లల్లేరు. భర్త ఆనందయ్య పోయి చాలా ఏళ్లయింది. ఆ వసారాలో వినిపించే నవ్వులే ఆమెకు ఇల్లూ వాకిలీ. అది మూతపడితే తనకు మిగిలేది మిషను చప్పుడు, తోడుగా ఉంటున్న జ్ఞానమ్మ వదిన సణుగుడు. అందుకే శానా జాగ్రత్తగా బతికేది. పై వీధిలో ఉల్లిగడ్డలు కొంటే కింది వీధిలో చింతపండు కొనేది. ఇటు తిరిగి నవ్వితే, అటు తిరిగి కూడా అంతే వెడల్పున నవ్వేది. ఎవరి మనిషివని ఎవరన్నా అడిగితే, "నేను దేవుని మనిషినప్పా, ఆయన ఇంగా నామినేషన్ ఎయ్యలేదు" అనేది.

మండలాలు కొత్తగా వచ్చిన కాలమది. మండలం ఓట్లు దగ్గర పడుతుండగా కోడిపుంజు గుర్తు పార్టీ రెండుగా చీలింది. పుల్లన్నా గంగాధర్ ఇద్దరూ అందులోనే ఉండి, జిల్లా నాయకుడికి ఇద్దరూ దండలేసి, ఒకరి మీద ఒకరు పితూరీలు చెప్పుకుంటూ బతుకుతున్నవాళ్లు. చీలగానే ఒకడు ఇటూ ఒకడు అటూ దూకారు, ఇద్దరూ మండలాధ్యక్ష పదవికే నిలబడ్డారు. దూకారు సరే, కోడిపుంజు గుర్తు ఎవరిది? నాదంటే నాదని రెండు ముక్కలూ కొట్టుకుని, చివరికి ఎవరో పైవాళ్లు విసిగిపోయి తీర్పు చెప్పారు. ఒక ముక్కకు కుడివైపు చూసే పుంజు, ఇంకో ముక్కకు ఎడమవైపు చూసే పుంజు. ఆ రోజు నుంచి పుల్లన్నది కుడిపుంజు, గంగాధర్‌ది ఎడంపుంజు. ఆ తర్వాత కింది వీధిలో ఎడమవైపు తిరిగి పడుకునే మగవాడు లేడు.

ఒకనాడు పుల్లన్న సుందరమ్మ వసారా ముందు నిలబడి, తలగుడ్డ సర్దుకుని, గొంతు సవరించుకున్నాడు.

"సుందరమ్మక్కా, నాకొగ బొంత గావల్ల."

"కుడతా లేప్పా. సలికాలం ఇంగా యాడుంది?"

"సలికి గాదు. జీపు బానెట్ మీదికి. మద్దెలో మన పుంజుండల్ల. చూసినోడు జడుసుకోవల్ల."

మన పుంజు అన్న మాటకు సుందరమ్మ మిషను ఆపేసింది. "నీ పుంజు అనప్పా. నాకు పుంజుల్లేవు, ఉండేవి రెండు పెట్టలు."

"కుడతావా, కుట్టవా? కుట్టకుంటే నువ్వు వాండ్ల మనిషివనుకుంటా. మా వీధి ఆడోళ్లు రేపట్నుంచి నీ గడప తొక్కరు."

"కుడతాను స్వామీ, కుడతాను!"

"ఎవురికీ చెప్పాకు" అని వెళ్లిపోయాడు. ఆమె చెమట తుడుచుకుని లోపలికి పోయిందో లేదో, పెరటి గోడ మీంచి గంగాధర్ తల కనిపించింది. వాడు ఎక్కడ విన్నాడో, ఎవరు ఊదారో దేవుడికే ఎరుక. వాడికీ బొంతే కావాలి, వాడికీ బానెట్ మీదికే, మధ్యలో ఎడంపుంజు, ఎవరికీ చెప్పకూడదు, కుట్టకపోతే పై వీధి ఆడవాళ్లు గడప తొక్కరు.

"ప్రభువా! నేనేం పాపం చేసినాను?" అంది సుందరమ్మ. ప్రభువు ఏమీ అనలేదు గానీ జ్ఞానమ్మ వదిన అంది. "పార్టీల్లేవు పార్టీల్లేవు అంటాంటివే, ఇప్పుడు చూడు, రెండున్నాయి."

సుందరమ్మ బొంతలకు జమ్మలమడుగు దాకా పేరుంది. చిన్నప్పుడు అక్కడి క్రైస్తవ మిషన్ బడిలో ఒక దొరసాని నేర్పిన కాగితం కుట్టు ఆమెది. కాగితం మీద బొమ్మ గీసి, గీతల మధ్య అంకెలు వేసుకోవాలి. గుడ్డముక్కను కాగితం అడుగున పెట్టి, పైన కనిపించే గీత వెంట మిషను తోలాలి. కుట్టాక ముక్కను మడిచి, పక్క అంకెకు ఇంకో ముక్క. కుట్లు దగ్గర దగ్గరగా పడాలి, అప్పుడే చివర్లో కాగితం గీత వెంట చక్కగా చిరిగి ఊడివస్తుంది. మామూలు బొంతల్లో ముక్కలు తాగినవాడిలా అటూ ఇటూ పోతాయి. సుందరమ్మ బొంతలో నక్షత్రం మొన కూడా సూదిమొనలా నిలబడేది. కాగితానికి ఓట్ల కాలంలో కరువుండదు. రెండు పార్టీల పోస్టర్లూ ఆమె గోడ మీదే అంటించేవాళ్లు, రెంటినీ సమానంగా పీక్కునేది.

ఈసారి బొమ్మ గీసే పని కూడా తప్పింది. కుడిపుంజు పోస్టరు ఒకటి, ఎడంపుంజు పోస్టరు ఒకటి తీసుకుని, వాటి మీదే ముక్కముక్కకూ అంకెలు వేసింది. ఇక గుడ్డలంటారా, ఏ ఇంటి బొంతకు ఆ ఇంటి పాతబట్టలే వాడాలి. అంగడి గుడ్డతో కుడితే అది దుప్పటవుతుంది గానీ బొంత కాదు. పెంచలమ్మ పొద్దున పెరటి దారిన ఒక మూట తెచ్చి పడేసింది. అందులో పుల్లన్న తల్లి అంకాలమ్మ ఆకుపచ్చ చీర ఉంది, మామిడిపిందెల అంచుది. ఆమె మొగుడు ప్రొద్దుటూరుకు గొర్రెలు తోలుకుపోయి, అమ్మి, తెచ్చిన చీర. గురవమ్మ సాయంత్రం అదే పెరటి దారిన ఇంకో మూట తెచ్చింది. అందులో గంగాధర్ నీలం గళ్ల లుంగీ ఉంది. దాని మధ్యలో బీడీ కాలిన తూటు. ఆ లుంగీ అంటే గంగాధర్‌కు ప్రాణం, అడిగితే ఇవ్వడని అడక్కుండానే తెచ్చింది.

సుందరమ్మ రెంటినీ ఒకేసారి కుట్టింది. ఒకటి ముందు పూర్తయితే ఆ పార్టీ అంటారని భయం. ఇక్కడ ఒక ముక్క కుట్టి, లేచి చేతులు కడుక్కుని, అక్కడ ఒక ముక్క. ఈ పుంజుకు తురాయి కుట్టిన రోజునే ఆ పుంజుకూ తురాయి. పచ్చచీర పుల్లన్న పుంజుకు రొమ్మయింది, గళ్ల లుంగీ గంగాధర్ పుంజుకు తోకయింది. మధ్యాహ్నం ఆడవాళ్లొచ్చే వేళకు రెంటినీ చుట్టి జొన్నల గంపల కింద దాచేది. రేపు ఊరేగింపనగా పొద్దున్నే అంచులు కలిపి, రెండు బొంతల కాగితాలూ చరచరా చింపి, తిరగేసి నేల మీద పరిచింది.

పరిచి, అట్లాగే నిలబడిపోయింది.

"వదినా, ఒగసారి ఇట్లరా. ఈ పుంజు ఎటుపక్క చూస్తాంది?"

జ్ఞానమ్మ కళ్లు చికిలించింది. "ఎడం పక్కకు."

"ఇది పుల్లన్నది."

"పుల్లన్నది కుడి గదే?"

"ఆ."

"అయితే ఆ రెండోది?"

ఇద్దరూ రెండోదాని వైపు తిరిగారు. గంగాధర్ పుంజు తోక ఎగరేసి, హాయిగా, నిదానంగా, కుడివైపు చూస్తోంది.

కాగితం వైపు నుంచి కుడతాం, గుడ్డ వైపు నుంచి చూస్తాం. కుట్టినన్నాళ్లూ సుందరమ్మ కళ్లముందున్నది కాగితం పుంజు. అడుగున గుడ్డ పుంజు మాత్రం అద్దంలో మొహంలాగ మొదటి కుట్టు నుంచీ అటే తిరిగి ఉంది. ఇన్నేళ్లలో ఒక్కసారన్నా తెలియలేదేమంటే ఎట్లా తెలుస్తుంది? ఆమె కుట్టినవన్నీ నక్షత్రాలు, సిలువలు, చదరాలు. నక్షత్రానికి ముక్కుందా, తోకుందా? ఏ వైపు నుంచి చూసినా నక్షత్రం నక్షత్రమే.

"దొరసానమ్మా, దొరసానమ్మా! పోతా పోతా ఒగ్గ కోడినన్నా నేర్పిచ్చి పోయింటే నీ సొమ్మేం పోయేది తల్లీ!" అని సుందరమ్మ నేల మీద కూలబడి ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది. పుల్లన్న బొంత విప్పి చూస్తాడు, శత్రువు పుంజు కనబడుతుంది, గంగాధర్ దగ్గర తిని తనను ఎగతాళి చేసిందంటాడు. గంగాధర్ కూడా అదే మాటంటాడు. రేపు మధ్యాహ్నం వసారాలో స్తంభం తప్ప ఎవరూ ఉండరు.

"తిరగేసి ఇచ్చేద్దాం" అంది జ్ఞానమ్మ, ఒక బొంతను వెనక్కి తిప్పి. అటువైపు పుంజు సరిగ్గానే చూస్తోంది గానీ ఒళ్లంతా కుట్ల అంచులు, దారం పోగులు. వండబోతూ సగం ఈకలు పీకి వదిలేసిన కోడిలా ఉంది.

"పులివెందుల బస్సెక్కుదాం పా" అంది జ్ఞానమ్మ. "మా చెల్లెలోళ్ల చీనీతోటలో ఓట్లయ్యేదాకా దాంకోవచ్చు. కాయలు గూడా తినొచ్చు."

సుందరమ్మ ముక్కు చీది, ఒక బొంతను చూసి, రెండోదాన్ని చూసి, మళ్లీ మొదటిదాన్ని చూసింది. ఏడుపు ఆగింది.

"వదినా, వానిది వీనికి, వీనిది వానికి ఇచ్చేస్తే?"

"అబ్బో! బట్టలో? పుల్లన్న జీపు మీద గంగాధర్ లుంగీనా?"

"మొగోళ్లు కోడి మొగం ఎటుందో చూస్తారు గాని, దాని తోక ఎవురి లుంగీయో చూస్తారా వదినా?"

జ్ఞానమ్మ తన కీర్తిశేషుడైన భర్తను ఒకసారి తలుచుకుంది. "చూడరు" అంది గట్టిగా.

మరునాడు పొద్దున, పెండ్లాలు వంటల దగ్గర మునిగి ఉన్న వేళ చూసి, సుందరమ్మ బొంతలను నేరుగా జీపుల దగ్గరికే మోసుకుపోయి ఇచ్చింది. పుల్లన్న విప్పి చూసి, "అబ్బబ్బ! ఏం రోసం! ఆ తోక చూడండ్రా, ఆ తోక!" అని గంగాధర్ లుంగీని అరచేత్తో నిమిరాడు. గంగాధర్ తన బొంత చూసి, "రొమ్మంటే ఇదీ!" అని అంకాలమ్మ చీర మీద చరిచాడు. సుందరమ్మ ఇంటికొచ్చి నీళ్లు తాగి, వసారాలో మిషను ముందు కూర్చుని దేవుడికి దండం పెట్టుకుంది. అంతా అయిపోయిందనుకుంది పిచ్చితల్లి.

ఇద్దరికీ ముహూర్తం పెట్టిన అయ్యవారు ఒక్కడే. ఇద్దరూ గుట్టుగా అడిగారు గనక ఇద్దరికీ గుట్టుగా అదే ఘడియ చెప్పాడు. పుల్లన్న ఊరేగింపు కింది వీధి నుంచి తప్పెట్లతో పైకి వచ్చింది. గంగాధర్ ఊరేగింపు పై వీధి నుంచి టపాకాయలతో కిందికి వచ్చింది. సరిగ్గా సుందరమ్మ వసారా ముందు జీపు మూతికి జీపు మూతి తగిలేంత దగ్గరగా వచ్చి ఆగాయి. తప్పెట్లు ఆగాయి. అటు జనం రాళ్ల కోసం వంగారు, ఇటు జనం నాటుబాంబుల సంచుల్లో చేతులు పెట్టారు. కుక్కలు కూడా రెండు వరసల్లో నిలబడ్డాయి. వెనకాల వస్తున్న ఆడవాళ్లంతా బిలబిలా సుందరమ్మ వసారాలోకి ఎక్కేశారు, ఇటువాళ్లు ఇటు, అటువాళ్లు అటు.

సుందరమ్మ లేచి చూసింది. రెండు బానెట్ల మీదా రెండు పుంజులు. ఒకటి కుడివైపు, ఒకటి ఎడమవైపు. జీపులు ఎదురెదురుగా ఉన్నాయి గనక రెండు పుంజులూ ఒకటే వైపు మొహం తిప్పి, నేరుగా ఆమెనే చూస్తున్నాయి.

"మామా, ఏద్దామా?" అన్నాడు పుల్లన్న మేనల్లుడు సుబ్బన్న. వాడి చేతిలో రాయి గుమ్మడికాయంత ఉంది.

పుల్లన్న జీపులో లేచి నిలబడి చెయ్యి పైకెత్తాడు. ఆ చెయ్యి దించితే చాలు, రాళ్లు లేస్తాయి. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. ఎదుటి బానెట్ మీద పుంజు రొమ్మున మామిడిపిందెలు మెరుస్తున్నాయి. చిన్నప్పుడు జ్వరమొస్తే అమ్మ కప్పిన మామిడిపిందెలు. అదే నిమిషంలో అటు జీపులో చెయ్యెత్తి నిలబడ్డ గంగాధర్ నోరు తెరుచుకుంది. ఎదుటి పుంజు తోక నీలం గళ్లది. గళ్ల మధ్యలో బీడీ తూటు.

నా లుంగీ వాడి జీపు మీదికి ఎట్లా పోయింది? అడుగుదామంటే అడగడమెట్లా? ఊరి మగవాళ్లంతా ఉన్నారు. లుంగీ కాపాడుకోలేనివాడు మండలమేం కాపాడతాడని అనరూ? పుల్లన్న గతీ అదే. మా అమ్మ చీర వాడి బానెట్ మీద ఉందని ఏ నోటితో చెప్తాడు? ఇద్దరూ చేతులు ఎత్తినవాళ్లు ఎత్తినట్టే నిలబడి, ఒకరి బానెట్‌ను ఒకరు మింగేసేలా చూస్తున్నారు. వసారాలో పెంచలమ్మ ఒకసారి ఇటు చూసింది, గురవమ్మ ఒకసారి అటు చూసింది, తర్వాత ఇద్దరూ కలిసి సుందరమ్మను చూశారు. సుందరమ్మ చేతులు జోడించింది. ఇద్దరూ కొంగులు నోట్లో కుక్కుకున్నారు. భుజాలు మాత్రం అదురుతూనే ఉన్నాయి.

"మామా, చెయ్యి నొప్పి పుడతాంది, ఏద్దామా వద్దా?" అన్నాడు సుబ్బన్న.

అప్పుడు వసారా చివర కూర్చున్న అంకాలమ్మ లేచింది. ముసలామెకు చూపు మందగించింది గానీ మొగుడు తెచ్చిన చీర తెలియనంతగా కాదు. మెట్లు దిగి, పోయి పోయి గంగాధర్ జీపు ముందు ఆగి, పుంజు రొమ్ము మీద చెయ్యి వేసి నిమిరింది. ముసలామె నోరు తెరిస్తే అయిపోయింది.

అంకాలమ్మ కొడుకు వైపు తిరిగింది. "ఒరే పుల్లా! ఈ జీపు మింద ఒగ్గ రాయి పడిందనుకో, నిన్ను కన్న కడుపు మింద పడినట్టే. ఏమనుకున్నావో!"

ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. పుల్లన్నకు అర్థమైంది. "రాళ్లు దించండ్రా" అన్నాడు పీలగొంతుతో.

"మీరు గూడా దించండి" అన్నాడు గంగాధర్ తన మనుషులతో, లుంగీ మీంచి కళ్లు తిప్పకుండా. "ఆ జీపుకు ఏమన్నా అయిందంటే నా చేతుల్లో సచ్చినారే!"

రాళ్లయితే దిగాయి గానీ జీపులు ఎట్లా కదలాలి? ముందు ఎవడు వెనక్కి తీసినా ఓడినట్టే. ఎండ నడినెత్తికొచ్చింది. టపాకాయల వాడు టపాకాయల మీదే కూర్చుని కునుకు తీశాడు. చివరికి సుందరమ్మే వసారా అంచుకొచ్చి, చీర కుచ్చిళ్లు పైకి దోపి, చెయ్యెత్తింది.

"నేనేమో ఏ పార్టీ గాదు గదా అప్పా! నేను లెక్కబెడతా. మూడనంగానే ఇద్దురూ ఒగేసారి ఎనక్కి తియ్యండి. ఒగటీ... రెండూ... ఏయ్ గంగాధరూ, రెండుకే కదిలిస్తాండావు, అట్ల గాదు!"

మూడోసారి లెక్కపెట్టినప్పుడు సమానంగా కదిలారు. ఎవరి వీధిలోకి వాళ్లు వెనక్కి వెనక్కి ఊరేగిపోయారు. వాడే ముందు తీశాడని ఇద్దరూ రాత్రి దాకా చెప్పుకున్నారు.

పొద్దుగూకకముందే పుల్లన్న పెరటి గోడ దగ్గర ఉన్నాడు. సుందరమ్మ ఏమీ దాచలేదు. ఒక పోస్టరు తెచ్చి, పొయ్యి మంటకు అడ్డంగా పట్టి, ముందువైపు చూపించింది. కుడిపుంజు. తిప్పి వెనకవైపు చూపించింది. కాగితంలోంచి ఎడంపుంజు కనిపించింది.

పుల్లన్న చాలాసేపు తిప్పించి తిప్పించి చూశాడు. "అంటే నా పుంజును ఎనకనుంచి చూస్తే వాని పుంజా?"

"తప్పు నాదేప్పా. నేను నచ్చత్రాల మనిషిని."

"అక్కా, నీకు దండం పెడతా. ఈ మాట ఊర్లో ఎవురికీ చెప్పాకు. పార్టీ మునిగిపోతాది."

"మీయమ్మ చీర కావల్లంటే ఇద్దురూ ఒగే పొద్దు బొంతలు తీస్కోని ఈ వసారాకు రాండి. మార్చి ఇస్తా."

"వాడు కూచున్న వసారాలో నేను కూచోవాల్నా? జరగని పని!" అని గోడ దూకిపోయాడు. ఆ వెంటనే గంగాధర్ వచ్చాడు. అదే పోస్టరు, అదే మంట, అదే దండం. "వాడు వచ్చే చోటికి నేనా?" అని వాడూ అదే గోడ దూకాడు.

ఇక ఆ ఓట్లు ఎట్లా జరిగాయని! ఎక్కడ గొడవ మొదలైనా పుల్లన్న, "తలకాయలు పగలగొట్టండి గాని జీపు జోలికి పోయినారంటే సంపుతా" అనేవాడు. గంగాధర్ మనుషులకూ అదే ఆజ్ఞ. జీపు పక్కన నిలబడితే రాయి రాదని నాలుగు రోజుల్లోనే రెండు పార్టీలవాళ్లూ పసిగట్టారు. గొడవ మొదలవగానే అందరూ పరుగెత్తి జీపుల చుట్టూ మూగేవాళ్లు. కొట్టేవాడు లేక, కొట్టించుకునేవాడు లేక, ఊరు బిత్తరపోయింది. సుందరమ్మ వసారాలో మాత్రం నవ్వులు మునుపటికన్నా ఎక్కువయ్యాయి.

గంగాధర్ గెలిచాడు. కొద్దిలో గెలిచాడు గానీ గెలిచాడు. ఓడినవాడు గెలిచినవాడిది ఏదో ఒకటి తగలబెట్టడం ఆ ఊరి ఆనవాయితీ. మరునాడు పొద్దున గంగాధర్ జీపు సుందరమ్మ ఇంటి ముందు నిలిపి ఉంది, తోలేవాడు టీ తాగడానికి పోయాడు. పుల్లన్న వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. వెనకాల సుబ్బన్న కిరసనాయిలు డబ్బా మోసుకొస్తున్నాడు. వసారాలో సుందరమ్మ ఒక్కతే ఉంది. మిషను చక్రం మీద ఆమె చెయ్యి ఆగిపోయింది. ఇక్కడ మంట లేచిందంటే ఇక ఏ ఇంటి ఆడదీ ఇంకో ఇంటి ఆడదాన్ని చూడదు.

"అప్పా, వద్దప్పా" అంది.

"పొయ్యమంటావా మామా?" అన్నాడు సుబ్బన్న.

"ఉండ్రా, ముందు బొంత దించనీ. మాయమ్మది." పుల్లన్న నాలుగు కొసలూ విప్పి, బొంతను జాగ్రత్తగా ఎత్తి, మడవబోయి ఆగాడు. పుంజు రొమ్ము మీద, ఇంజను వేడికి కాబోలు, పచ్చచీర కమిలి చిల్లు పడింది. ఆ చిల్లు మీద పసుపుపచ్చ గుడ్డతో మాసిక వేసి ఉంది. చిన్న చిన్న కుట్లు, బియ్యపు గింజలంత. మామిడిపిందె ఒకటి కాలిపోతే దాని స్థానంలో పసుపు గుడ్డనే పిందెలాగ కత్తిరించి కుట్టారు.

"ఇదెవురేసినారక్కా?"

"గురవమ్మ. ఆమె రవిక గుడ్డే. ఓట్లకు ముందు ఒగ మద్యానం ఈడనే, ఆ స్తంభం పక్కన కూచోని ఏసింది." సుందరమ్మ ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. "సూదిలోకి దారం నీ పెండ్లామే ఎక్కిచ్చిచ్చింది. పక్కన కూచోని ఇట్ల గాదు అట్ల అని మీయమ్మ పోరు పెట్టింది."

పుల్లన్న బొంతను పట్టుకుని నిలబడ్డాడు. నిన్న ఓడినప్పుడు కూడా తడవని కళ్లు తడిశాయి. సుబ్బన్న డబ్బా ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"మామా, కిరసనాయిలు?"

"తీస్కపోయి మీయత్తకియ్యి. లాంతర్లో పోసుకుంటాది."

సరిగ్గా అప్పుడే ఎవరు చెప్పారో, పై వీధి నుంచి గంగాధర్ పంచె ఎగ్గట్టి, కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. వచ్చి చూసేసరికి పుల్లన్న ఆ జీపు బానెట్ మీదే బొంత మళ్లీ పరిచి, పుంజు ముడతలు చేత్తో సాఫు చేస్తున్నాడు.

"ఏం చేస్తాండావురా ఈడ?"

"జారిపోతాంటే సర్దుతాండా."

గంగాధర్ కర్ర దించలేదు, ఎత్తనూ లేదు. కిరసనాయిలు డబ్బాను చూశాడు, మాసికను చూశాడు, పుల్లన్న కళ్లను చూశాడు. వాళ్లిద్దరూ ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకోవడం ఆ ఊళ్లో చిన్నపిల్లలెవరూ చూసి ఉండరు. గంగాధర్‌కు గెలుపు సంగతి నోటికి రాలేదు, తిట్టూ రాలేదు. గొంతులో చాలా రోజులుగా అడ్డంపడి ఉన్నది ఇంకొకటి.

"నా లుంగీ ఎట్లుంది?"

"బాగుంది" అన్నాడు పుల్లన్న ముక్కు తుడుచుకుంటూ. "ఎండలో ఎక్కువసేపు పెట్టనియ్యలేదు. తూటు పెద్దది గాలేదు."

సుందరమ్మ వసారాలోని చాప దులిపి, స్తంభానికి ఇటు సగం అటు సగం పడేలా పరిచి, లోపలికి తిరిగి కేకేసింది.

"వదినా, టీ పెట్టు! సమానంగా పొయ్యి, లేకుంటే మళ్లా మొదలుకొస్తాది."